కంప్యూటరునకు తొలివాకిలి – దాని కాపుదల

లోకమున ఇల్లు గలవారెల్లరును వీధివాకిలికి తాళము వేయుదురు. తాళము గట్టిదా కాదా యని రెండుసార్లు లాగి చూతురు. కాని పెరటి తలుపు గడియ పడినదో లేదో చూచుట మరతురు. దొంగ మాత్రము మరవడు. కంప్యూటరు విషయమునను ఇట్లే జరుగుచున్నది. "మా కంప్యూటరునకు పాస్‌వర్డు కలదు, మేము తప్ప మరెవ్వరును దానిని తెరువజాలరు" అని మనలో అనేకులు నిశ్చింతగా నుందురు. పాస్‌వర్డు నడుగు ద్వారముకంటె ముందుగా మరియొక ద్వారము గలదనియు, అది చాల యిండ్లలోను, చాల పాఠశాలలలోను బార్లగా తెరచియే యుండుననియు ఎరిగినవారు తక్కువ. ఆ తొలివాకిలిని గూర్చియే మేము ఈ వ్యాసమున ముచ్చటింప దలచితిమి.

మేము హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమమున చదువుకొనుచున్న విద్యార్థులము. ఈ విద్యాసంవత్సరమున మా పాఠశాల కంప్యూటరు గది కాపుదలను ఉపాధ్యాయులు మాలో ఆరుగురి కప్పగించిరి. గది యూడ్చుట, తెరలపై దుమ్ము తుడుచుట, ఎవరు ఎప్పుడు ఏ యంత్రముపై పనిచేసిరో పుస్తకమున వ్రాయుట, సాయంకాలమున అన్నింటిని ఆర్పి తలుపు మూయుట మా నిత్యకృత్యములు. ఈ పనులు చేయుచుండగా కాపుదల యను మాటకు గల అర్థమును కొంచెము కొంచెముగా నేర్చుకొంటిమి. నేర్చినదానిని తోడివారితో పంచుకొనుట ధర్మము గావున ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట కాపాడవలసిన సొత్తేదియో చెప్పవలెను. ఏలయన, పెట్టెలో నేమున్నదో తెలియనివానికి తాళము విలువ తెలియదు. మా గదిలో 12 కంప్యూటర్లు గలవు. యంత్రము చెడినచో బాగుచేయించుకొనవచ్చును. బాగుకానిచో ఎప్పటికైనను మరియొకటి కొనవచ్చును. వానిలో నున్నది మాత్రము అంగడిలో దొరకునది కాదు. మా ప్రాంతము మూడు భాషల కూడలి. సంతకు పోయినచో తమిళము, కన్నడము, తెలుగు మూడును చెవిని బడును. ధర యొక భాషలో నడిగి, బేరము మరియొక భాషలో ముగించుట మాకు వింత గాదు. ఈ కలయిక మాకు సంతోషమే. కాని మా యిండ్లలో పెద్దలు మాటలాడు తెలుగులోని అనేక పదములు పాఠ్యపుస్తకములలో కానరావు. ఆ పెద్దలతోడనే అవియును కనుమరుగగుచున్నవి. అందుచేత గడచిన మూడు సంవత్సరములుగా మా పాఠశాల విద్యార్థులు సెలవుదినములలో తమ తమ గ్రామములలోని అవ్వలను, తాతలను కలిసికొని, వారు చెప్పిన మాటలను, సామెతలను, పొడుపుకథలను, నాట్లపాటలను వారి కంఠధ్వనితో సహా సేకరించుచున్నారు.

కపిల తోలుట మాని ఏండ్లు గడచినవి. కపిల పోయినంతనే దాని బానయు, మోకును, ఎద్దులను వెనుకకు నడపునపుడు పాడు పాటయు పోవుచున్నవి. గొర్రు, గుంటక, కాడి, నొగ యను మాటలు వినినపుడు మాలో సగముమందికి ఆ వస్తువులు కంటికి కట్టవు. పట్టుపురుగుల పెంపకమున్న యిండ్లలో చంద్రిక యను మాట యింకను బ్రదికియున్నది; రేపటి మాట తెలియదు. ఒక అవ్వ తనకు వచ్చిన పాటలన్నియు పాడి ముగించిన పిదప మా చేతిలోని ఫోనును చూచి, "ఇవన్నీ ఏం చేస్తారు నాయనా?" అని అడిగినది. "బడిలో కంప్యూటరులో దాచిపెడతాం అవ్వా" అని చెప్పితిమి. "దాచిపెట్టినోళ్లే పోగొట్టుకోవద్దండి. మళ్లీ చెప్పేదానికి నేనుంటానో లేదో" అని ఆమె నవ్వినది. మా గదిలోని యంత్రములు ఈ మాటను మోయుచున్నవి. ఇవిగాక, పాఠశాల పత్రిక పాత సంచికలను విద్యార్థులు అక్షరమక్షరముగా టైపు చేసిన ప్రతులును, ఉపాధ్యాయులు తెలుగులో తయారుచేసికొనిన అభ్యాసపత్రములును అందే యున్నవి.

ఇక కంప్యూటరు ఎట్లు మేల్కొనునో చూతము. మీట నొక్కగనే విండోసో, లినక్సో లేచి వచ్చునని పైకి కనబడును. నిజమునకు ఆ రెండింటికంటె ముందుగా లేచునది వేరొకటి కలదు. అది మదర్‌బోర్డుపై నొక చిన్న చిప్పులో వ్రాయబడియున్న ప్రోగ్రాము. పాత యంత్రములలో దానిని బయాస్ అనిరి, క్రొత్తవానిలో యు.ఇ.ఎఫ్.ఐ. అందురు. అది లేచి, మెమొరీ సరిగానున్నదా, కీబోర్డు కలదా, తెర పనిచేయుచున్నదా యని తన యవయవములను తడవి చూచుకొనును. పిదప, "ఇప్పుడెవరిని లేపవలెను?" అని తన యొద్దనున్న పట్టికను చూచును. ఆ పట్టికకే బూట్ క్రమమని పేరు. అందు మొదట పెన్‌డ్రైవు, తరువాత హార్డుడిస్కు, ఆపైన నెట్‌వర్కు అని వరుసగా నుండవచ్చును. మొదటి స్థానముననున్న వస్తువులో లేవదగిన వ్యవస్థ కనబడినచో యంత్రమును దాని చేతిలో పెట్టును; కనబడనిచో రెండవదాని యొద్దకు పోవును.

బూట్ అను మాట పుట్టుక వినోదకరమైనది. ఆంగ్లేయుల ఎత్తు జోళ్లకు వెనుక నొక తోలుపట్టీ యుండును. దానిని పట్టి లాగి తన్ను తానే పైకెత్తుకొనుట యని వారిలో నొక నుడికారము. యంత్రములోనికి మొదటి ప్రోగ్రామును తెచ్చుటకు మరియొక ప్రోగ్రాము కావలెను గదా! ఆ మరియొకదానిని తెచ్చున దేది? ఈ చిక్కును విప్పు చిన్న ప్రోగ్రామునకు ఆ తోలుపట్టీ పేరు పెట్టిరి. వాడుకలో అది కురుచయై బూట్ అయినది. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించినపుడు, అది మొదట ఫ్లాపీ కొరకు వెదకెడిది; ఫ్లాపీ లేనిచో తన చిప్పులోనే యున్న బేసిక్ అను భాషతో లేచెడిది. 1984లో వచ్చిన వారి ఏ.టి. నమూనాలో యంత్రపు అమరికలను బ్యాటరీ బలముతో నిలుపుకొను చిన్న మెమొరీ చేరినది. ఎవరిని ముందు లేపవలెనను నిర్ణయము క్రమముగా యజమాని చేతికి వచ్చినది. చిక్కు అంతయు ఇక్కడనే యున్నది: ఆ సమయమున యంత్రము నెదుట కూర్చున్నవాడే దానికి యజమాని.

ఒక పల్లెలో ధాన్యపు కొట్టునకు కావలివాడున్నాడనుకొనుడు. వాడు ప్రతివానిని గురుతు చెప్పుమని యడుగును. చెప్పలేనివానిని లోనికి పోనీయడు. వాడు మేల్కొనియున్నంతవరకు కొట్టు క్షేమము. కాని వానిని నిదురలేపకయే కొట్టు తలుపు తీయగలవానికి గురుతుతో పనియేమి? విండోసు అడుగు పాస్‌వర్డు అట్టి కావలివాడు. అది హార్డుడిస్కునుండి విండోసు లేచిన పిదప మాత్రమే అడుగబడును. పెన్‌డ్రైవునుండి వేరొక వ్యవస్థను లేపినచో డిస్కులోని విండోసు నిదురించుచునే యుండును. క్రొత్తగా లేచిన వ్యవస్థకు ఆ డిస్కు, గోడకు తగిలించిన సంచివంటిది. అందులోని ఫైళ్లను చదువవచ్చును, నకలు తీసికొనవచ్చును, తుడిచివేయవచ్చును.

మా ఉపాధ్యాయులు దీనిని మాటలతో చెప్పి యూరకొనలేదు. గదిలోని అన్నింటికంటె పాత యంత్రమున ఒక ఉత్తరమును వ్రాసి దాచి, పొడవైన పాస్‌వర్డు పెట్టి, దానిని ఊహింపుడని మాకు చెప్పిరి. మేము ఊహింపలేకపోతిమి. అప్పుడాయన యంత్రము నార్పి, ఒక పెన్‌డ్రైవును గ్రుచ్చి, మరల మీట నొక్కిరి. తెరపై వేరొక వ్యవస్థ లేచినది. కొన్ని నిమిషములలో మా యుత్తరము అక్షరము పొల్లుపోకుండ ఎదుట నిలచినది. గది నిశ్శబ్దమైనది. "నేను పాస్‌వర్డును ఛేదించలేదు. దాన్ని అడిగేవాణ్ణి నిద్ర లేపలేదు, అంతే" అని ఆయన యనిరి. ఈ ఒక్క వాక్యము మాకు పది పాఠముల పెట్టు.

ఇట్టి పని చేయుటకు గొప్ప దుష్టబుద్ధి యుండనక్కరలేదు. మా యెరుకలోని యొక విద్యాలయమున జరిగిన సంగతి చెప్పెదము. దాని పేరుతో మనకు పనిలేదు. అచ్చటి విద్యార్థి యొకడు క్రొత్త లినక్సును చూడవలెనను ఉత్సాహముతో పెన్‌డ్రైవును తెచ్చి బడి కంప్యూటరునకు పెట్టెను. తెరపై ప్రశ్నలు ఒకదాని వెంట నొకటి వచ్చినవి. డిస్కునంతయు తుడిచి క్రొత్తగా నెలకొల్పవలెనా యని ఒక ప్రశ్న యడిగినది. ఆంగ్లమున నున్న ఆ వాక్యమును పూర్తిగా చదువక అతడు అవునని నొక్కెను. అర్ధగంటలో క్రొత్త వ్యవస్థ అందముగా లేచి నిలచినది. పాతదానితోపాటు ఎన్నో తరగతులవారు కూడబెట్టిన చిత్రములు, నాటకముల ప్రతులు, వ్యాసములు పోయినవి. వేరొకచోట నకలు లేదు. ఆ బాలుడు దొంగ కాడు, జిజ్ఞాసువు. అయినను నష్టము దొంగ చేసినదానికంటె తక్కువ కాలేదు. దొంగ యెత్తుకొనిపోయిన వస్తువు ఎక్కడనో యొకచోట నుండును. తుడిచిన అక్షరము ఎచ్చటను ఉండదు.

ఈ తొలివాకిలినుండి దూరిన ఆపదలు క్రొత్తవి కావు. 1986లో పాకిస్తానునందలి లాహోరు నగరవాసులైన బాసిత్, అమ్జద్ ఫరూఖ్ అల్వీ యను సోదరులు వ్రాసిన బ్రెయిన్ అను ప్రోగ్రాము ఐ.బి.ఎం. తరగతి కంప్యూటర్లలో మొట్టమొదటి వైరసుగా పేరొందినది. ఫ్లాపీలో మొదట చదువబడు భాగము 512 బైట్లు మాత్రమే. దానినే బూట్ సెక్టారు అందురు. బ్రెయిన్ ఆ తావు నాక్రమించి కూర్చుండెడిది. ఫ్లాపీని యంత్రములో మరచి మరునాడు మీట నొక్కినవారికి, తమకు తెలియకయే అదియే ముందుగా లేచెడిది. వింత యేమనగా, ఆ సోదరులు తమ పేర్లను, చిరునామాను, టెలిఫోను సంఖ్యను గూడ అందులోనే వ్రాసియుంచిరి. తరువాత మైకెలాంజిలో అను వైరసు వచ్చినది. సోకిన ఫ్లాపీతో మేల్కొనిన యంత్రపు హార్డుడిస్కులోనికి అది ప్రాకి, మార్చి 6వ తేదీవరకు మౌనముగా నుండి, ఆనాడు మీట నొక్కగనే డిస్కు మొదటి భాగములను చెరిపెడిది. 1992 మార్చి 6వ తేదీని తలచుకొని నాడు లోకమంతయు కలవరపడినది. ఇటలీ శిల్పి మైకెలాంజిలో జన్మదినము అదియే యగుటచే పరిశోధకులు దానికా పేరు పెట్టిరి. నేడు ఫ్లాపీలు లేవు. కాని ఫ్లాపీ స్థానమున పెన్‌డ్రైవు వచ్చి కూర్చున్నది.

రోగము తెలిసినది గావున మందును గూర్చి చెప్పెదము. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో మేము చేసిన పనులు ఇవి.

మీట నొక్కిన వెంటనే ఎఫ్2 గాని డిలీట్ గాని నొక్కినచో చాల యంత్రములలో బయాస్ అమరికల తెర వచ్చును. మీట యేదో కంపెనీని బట్టి మారును. అందు రెండు విధములైన పాస్‌వర్డులు గలవు. ఒకటి యంత్రమును వాడుకొన వచ్చిన ప్రతివానిని అడుగునది. రెండవది అమరికలను మార్చవచ్చినవానిని మాత్రమే అడుగునది. దీనిని అధికారి పాస్‌వర్డు అందుము. పాఠశాలకు రెండవదియే తగినది. మొదటిది పెట్టినచో నలువదిమంది విద్యార్థులకును అది చెప్పవలసి వచ్చును. నలువదిమందికి తెలిసినది రహస్యము కానేరదు.

అటుపిమ్మట బూట్ క్రమమున హార్డుడిస్కును మొదట నిలిపి, పెన్‌డ్రైవునుండి లేచుటను, నెట్‌వర్కునుండి లేచుటను పూర్తిగా ఆపితిమి. క్రమమున క్రిందికి దించుట మాత్రమే చాలదు. ఎఫ్12 వంటి మీటను నొక్కినచో ఆ ఒక్కసారికి దేనినుండి లేవవలెనో ఎన్నుకొనుమని యొక చిన్న పట్టిక వచ్చును. అది తెరచియున్నచో మనము వ్రాసిన క్రమమునకు విలువ లేదు. కావున ఆ పట్టికను గూడ ఆపుట గాని, అధికారి పాస్‌వర్డునకు లోబరచుట గాని చేయవలెను. వీధితలుపు మూసి కిటికీ తెరచినట్లు కారాదు.

క్రొత్త యంత్రములలో సెక్యూర్ బూట్ అను నేర్పాటు గలదు. యు.ఇ.ఎఫ్.ఐ. నియమావళిలో ఇది 2011లో చేరినది. 2012లో వచ్చిన విండోస్ 8తో విరివిగా వ్యాపించినది. లేవవచ్చిన వ్యవస్థపై నమ్మదగినవారి డిజిటల్ సంతకమున్నదా యని ఇది పరీక్షించును, లేనిచో లేవనీయదు. బ్రెయిన్ వంటి అజ్ఞాత ప్రోగ్రాములకు ఇది మంచి యడ్డుకట్ట. అయినను దీని హద్దు నెరుగవలెను. ఉబుంటు వంటి ప్రసిద్ధ లినక్సులకు అట్టి సంతకము గలదు. కాబట్టి వానిని మోయు పెన్‌డ్రైవును ఇది యాపదు. సంతకము వచ్చినవాడెవడో చెప్పునే గాని, వాడు మన యింటికి రాదగినవాడా కాదా యని చెప్పజాలదు. అందుచేత సెక్యూర్ బూట్ ఉన్నదని అధికారి పాస్‌వర్డును మానరాదు.

మా గదిలో నాలుగు యంత్రములు లినక్సుతో నడచును. వానిలో గ్రబ్ అను ద్వారపాలకుడు గలడు. ఏ వ్యవస్థ లేవవలెనో చూపు పట్టిక వానిదే. ఆ పట్టిక కనబడునపుడు "ఇ" అను అక్షరమును నొక్కినచో, లినక్సునకు ఇచ్చు ఆజ్ఞలను తిరుగవ్రాయవచ్చును. అట్లు వ్రాయనేర్చినవానికి పాస్‌వర్డు అడుగకయే సర్వాధికారము దక్కును. దీనికి విరుగుడు గ్రబ్‌లోనే యున్నది. అధికారి పేరును, పాస్‌వర్డును నెలకొల్పవచ్చును. ఆ పాస్‌వర్డును ఉన్నదున్నట్లుగా గాక, గుర్తుపట్టరాని రూపమునకు మార్చి వ్రాయవచ్చును. అయితే అట్లు నెలకొల్పగనే మామూలుగా లినక్సును లేపుటకు గూడ అది పాస్‌వర్డు నడుగును. లేపుటకు అడ్డులేదు, ఆజ్ఞలను మార్చుటకు మాత్రమే అడ్డు అని వేరుగా తెలుపు మాటను చేర్చవలెను. అది చేర్చిన పిదప పిల్లలకు యధాప్రకారము యంత్రము లేచుచున్నది. మార్పులు మాత్రము కట్టువడినవి.

ఇంతటితో కోట కట్టితిమని భ్రమింపరాదు. 2015 డిసెంబరులో స్పెయిన్ దేశమునందలి వాలెన్సియా సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు హెక్టర్ మార్కో, ఇస్మాయెల్ రిపోల్ అనువారు ఒక చిత్రమైన సంగతి బయటపెట్టిరి. గ్రబ్ పేరు అడిగినచోట ఏమియు వ్రాయక, బ్యాక్‌స్పేస్ మీటను 28 పర్యాయములు నొక్కినచో, ఆనాటి గ్రబ్ రూపములలో కావలి తొలగిపోవుచుండెను! తప్పు వెంటనే దిద్దబడినది. కాని నీతి నిలచినది. తాళము వేసి మరచుట గాదు. అప్పుడప్పుడు దాని కీలునకు చమురు వేయవలెను. ప్రోగ్రాములను, బయాసును గూడ కాలానుగుణముగా నవీకరించుట ఇందులకే.

మరియొక హద్దు గలదు. యంత్రపు పెట్టెను మరచుట్టుతో విప్పగలవానిముందు పైన చెప్పిన కట్టుబాట్లు చాలవరకు తలవంచును. మదర్‌బోర్డుపై రూపాయి బిళ్లవంటి బ్యాటరీ యొకటి యుండును. 2032 అను దాని పేరులోనే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందము అని కొలతలు గలవు. దాని బలము 3 వోల్టులు. అనేక పాత యంత్రములలో దానిని తీసి కొంతసేపు ఉంచినచో అమరికలును, పాస్‌వర్డును మాసిపోవును. క్రొత్తవానిలో, ముఖ్యముగా ల్యాప్‌టాపులలో, పాస్‌వర్డును బ్యాటరీతో పనిలేని చిప్పులో దాచుటచే ఈ యుపాయము సాగదు. అయినను హార్డుడిస్కునే విప్పి వేరొక యంత్రమునకు తగిలించువానిని ఏ బయాసును ఆపజాలదు. కాబట్టి పెట్టెలకు చిన్న తాళములు వేసితిమి. గది కిటికీలకు గడియలు బాగుచేయించితిమి. ఇనుప తాళమునకు ఈ కాలమునను గౌరవము తగ్గలేదని గ్రహించితిమి.

డిస్కును ఎత్తుకొనిపోయినను చదువరాకుండుటకు ఒకటే మార్గము: అందులోని అక్షరములన్నింటిని రహస్యలిపిలోనికి మార్చి దాచుట. విండోసులో బిట్‌లాకర్ అనునదియు, లినక్సులో లక్స్ అనునదియు ఈ పని చేయును. బిట్‌లాకరు సామాన్యముగా టి.పి.ఎం. అను చిప్పుతో పొత్తు కలిసి, యంత్రము లేచిన తీరును గమనించును. బూట్ అమరికలలో కొన్ని మార్పులు జరిగినచో అనుమానించి, 48 అంకెల తిరిగితెరపు సంఖ్యను అడుగును. ఆ సంఖ్య పోయినచో దొంగకే కాదు, యజమానికిని అందులోని సొత్తు దక్కదు. ఉపాధ్యాయులు విద్యార్థుల వివరములున్న ఒక్క యంత్రమునకు మాత్రమే దీనిని వాడిరి. మేము సేకరించిన పాటలకు ఇది యక్కరలేదని నిశ్చయించిరి. ఏలయన, పాటలు రహస్యములు కావు. పదిమంది విన్నచో సంతోషమే. వానికి భయము చదువుటవలన గాదు, చెరుపుటవలన. చెరుపుటను రహస్యలిపి ఆపలేదు. దానికి మందు నకలు. కావున ప్రతి శనివారమును ఆ వారపు సేకరణను రెండు వేరువేరు డిస్కులలోనికి నకలు తీయుచున్నాము. ఒకటి బీరువాలో నుండును. రెండవది పాఠశాల ఆవరణము వెలుపల, ప్రధానోపాధ్యాయుల యొద్ద నుండును. ఒకే గంపలో అన్ని గ్రుడ్లును పెట్టరాదని కోళ్లు పెంచు మా యిండ్లలోనివారికి ఎవరును చెప్పనక్కరలేదు.

తాళము వేయుటకంటె తాళపుచెవిని ఎవరి చేతిలో నుంచవలె ననునదియే కష్టమైన ప్రశ్న. దీనిని గూర్చి మా యారుగురిలో పెద్ద వాదము జరిగినది. కొందరు, "కాపుదల మాది గావున పాస్‌వర్డు మాకు తెలియవలెను" అనిరి. మరికొందరు, "కంచెయే చేను మేసినచో దిక్కేది? మనకు గూడ తెలియరాదు" అనిరి. ఒక్కరికే తెలియుటలోని ప్రమాదమును ఉపాధ్యాయులు వివరించిరి. ఒకచోట పాస్‌వర్డు నెరిగిన ఒకే ఒక ఉద్యోగి బదిలీపై పోగా, అచ్చటివారు తమ యంత్రముల అమరికలను తామే మార్చుకొనలేక నెలల తరబడి ఇబ్బంది పడిరట. మరచిన యజమానికిని, రాకూడని పరునికిని తాళము భేదము చూపదు. చివరకు ఒక పద్ధతి కుదిరినది. పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, లక్క ముద్రవేసిన రెండు కవరులలో నుంచి, ఒకటి ప్రధానోపాధ్యాయులకును, ఒకటి కంప్యూటరు ఉపాధ్యాయులకును అప్పగించిరి. కవరు తెరచినపుడెల్ల తేదీని, కారణమును పుస్తకమున వ్రాయుట, పని ముగిసిన పిదప పాస్‌వర్డు మార్చి క్రొత్త కవరు పెట్టుట నియమము. మాకు పాస్‌వర్డు తెలియదు. కాని ఆ పుస్తకమును ప్రతినెలయు చూచు హక్కు మాకు గలదు. అధికారమొకరిది, లెక్క చూచుట మరియొకరిది. పౌరశాస్త్రమున చదివిన సంగతి ఒక చిన్న గదిలో మాకు ప్రత్యక్షమైనది.

"ఇన్ని కట్టుబాట్లేల? మమ్ము దొంగలనుకొనుచున్నారా?" అని మా తరగతివారు కొందరు కోపగించుకొనిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. తాళము ప్రతివానిని అనుమానించును. అది దాని స్వభావము. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టజాలడను సామెత యున్నంతమాత్రమున ఇంటివారినందరిని దొంగలుగా చూడరాదు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. క్రొత్త వ్యవస్థను లేపి చూడవలెనను కోరిక తప్పు కాదు. ఆ కోరిక లేనివాడు ఈ విద్యలో ముందునకు పోజాలడు. దానిని అణచినచో గది భద్రమగును గాని విద్య యెండిపోవును. అందుచేత ఒక నిర్ణయము చేసితిమి. ఉపాధ్యాయులు మాకు ప్రయోగము చూపిన ఆ పాత యంత్రమును తాళములేకుండ వదలితిమి. దానికి నెట్‌వర్కు తీగ లేదు; దానిలో విలువైన యక్షరము ఒక్కటియు లేదు. ఎవరైనను పెన్‌డ్రైవును తెచ్చి, దానిపై ఏ వ్యవస్థనైనను లేపవచ్చును, నెలకొల్పవచ్చును, తుడిచివేయవచ్చును. ఇప్పటికది ఎన్నిసార్లు చచ్చి ఎన్నిసార్లు బ్రదికినదో లెక్కలేదు. కోపగించుకొనిన మిత్రులే నేడు దానియొద్ద వరుసలో నిలబడుచున్నారు. తక్కిన 11 యంత్రముల జోలికి పోవలసిన యవసరము వారికి లేకపోయినది. పశువునకు మేత వేయక చేనికి కంచె మాత్రమే వేసినచో కంచె నిలువదని రైతుబిడ్డలము మాకు తెలియును.

ప్రియ సోదర సోదరీ విద్యార్థులారా! మీలో కొందరి యిండ్లలోనైనను కంప్యూటరో, ల్యాప్‌టాపో యుండును. అందు చెల్లెలి చిన్ననాటి చిత్రములుండవచ్చును, నాయనగారి లెక్కలుండవచ్చును, ఇప్పుడు మనలేని తాతగారి గొంతుక యుండవచ్చును. ఒక సాయంకాలము పెద్దల యనుమతితో బయాస్ తెరను తెరచి, పట్టికలో మొదట నున్నదేదియో చూడుడు. అధికారి పాస్‌వర్డు పెట్టుడు. పెట్టినదానిని కాగితముపై వ్రాసి, నగలు దాచుచోట దాచుడు. అన్నింటికంటె ముందు, పోయినచో మరల రానివానికి వేరొకచోట నకలు తీయుడు. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగిన ప్రయోజనమేమి?

పెద్ద రాష్ట్రములలో, పెద్ద నగరములలో తెలుగు గ్రంథమొకటి పోయినచో వేరొక గ్రంథాలయమున దొరకవచ్చును. ఎల్లలకు ఇవతలనున్న మన పల్లెల మాటలకు అట్టి రెండవ ప్రతి లేదు. వానిని పలికిన నోళ్లు తక్కువ; వ్రాసికొనిన చేతులు మనవి; దాచిన పెట్టెలు ఈ 12 మాత్రమే. వచ్చు జూన్ మాసమున ఈ గది కాపుదల మరియొక ఆరుగురి చేతికి పోవును. తాళములతోపాటు వాని కారణములను గూడ వారి కప్పగింపవలెనను తలంపుతోనే ఇంత వ్రాసితిమి. కారణము తెలియని తాళమును ఎవడో యొకడు విసుగుతో తీసివేయును. కారణము తెలిసినవాడు దానిని తనదిగా కాపాడును.